ముందు మెషీన్ చూపించు, లైనక్స్ సంగతి తర్వాత

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్టు ఆపేసింది. అప్పటినుంచీ నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, నా లాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కదంట. లైనక్స్ వేస్తే బాగా పనిచేస్తాదంటగా, ఏది వెయ్యమంటావ్?" కావలి నుంచి ఒకరు, అల్లూరు నుంచి ఒకరు, ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడి హాస్టల్ నుంచి గుంపుగా కొందరు. లైనక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అది డిస్ట్రోలని రకరకాల పేర్లతో దొరుకుతుంది, ఆ పేర్లన్నీ ముందే తెలుసుకుని వస్తారు. మింటా, జోరినా, ఉబుంటూనా, లేకపోతే ఇంకేదైనా 'లైట్' వెర్షనా అని యూట్యూబ్ చూసి జాబితా తయారుచేసుకుని ఉంటారు. అందులో ఒక దానికి నేను టిక్కు పెట్టాలి, అంతే.

నేను మాత్రం ఆ మెషీన్ ఏదో చెప్పమంటాను. చాలామందికి అది నచ్చదు. "ఏదో లాప్‌టాప్‌లే అన్నా, పాతది" అంటారు. రొయ్యల గుంటలో నీళ్ళు పరీక్ష చేయించకుండా ముందే హ్యాచరీకి పోయి రొయ్య పిల్లల సీడ్ తెచ్చుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

తేలికపాటి లాప్‌టాప్‌లు, కీబోర్డు ఊడదీస్తే ట్యాబ్ అయ్యే హైబ్రిడ్‌ల విషయంలో ఏ లైనక్స్ వెయ్యాలన్నది ఆఖరి ప్రశ్న అని నా వాదన. వైఫై చిప్ ఏది, ర్యామ్ ఎంత, మూత మూస్తే సరిగ్గా నిద్రపోతుందా, టచ్‌స్క్రీన్ చిప్‌కి ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, దొరుకుతుందా అనేవి ముందు తేలాలి. అవి తేలాక డిస్ట్రో ఏదైనా పెద్ద తేడా రాదు. అన్నిటి అడుగునా ఉండి హార్డ్‌వేర్‌ని నడిపేది ఒకటే లైనక్స్ కెర్నెల్. మింట్‌లో మోగని స్పీకరు, అదే వయసు కెర్నెల్ ఉన్న ఫెడోరా అనే ఇంకో డిస్ట్రోలోనూ మోగదు. గోడ మీది బొమ్మ మారుతుంది, మెనూ కింది నుంచి పైకి పోతుంది, స్పీకరు మాత్రం అట్లాగే మూగగా ఉంటుంది.

నాకు తేలిక మెషీన్ ఎందుకు కావాల్సొచ్చిందో చెబితే మిగతాది అర్థమవుతుంది. నా ఉద్యోగం రొయ్యల గుంటల చుట్టూ తిరగడం. నెల్లూరు జిల్లాలో విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రైతుల దగ్గరికి పోయి నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంది, ఉప్పు శాతం ఎంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఏమైనా పెరిగిందా అని చూసి రాసుకోవాలి. చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో రాసుకోవాలి. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లారేముందు బాగా పడిపోతుంది కాబట్టి గుంట కట్ట మీద ఉండాల్సింది ఆ చీకట్లోనే. రెండున్నర కిలోల లాప్‌టాప్, దానికి ఇటుకంత చార్జరు బండి మీద మోసుకుపోవడం కుదరదు. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అంటారు. వాట్సాప్‌లో పంపడానికి ఫోను చాలు. కానీ ఒక పంట మొత్తం మేత లెక్కలు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) లెక్కలు పెద్ద స్ప్రెడ్‌షీట్‌లో చూసుకోవాలంటే ఫోన్ తెర మీద కళ్ళు పోతాయి.

అందుకని మొదట నా చూపు పడింది హైబ్రిడ్ మీదే. కట్ట మీద ట్యాబ్‌లా, ఇంట్లో లాప్‌టాప్‌లా వాడుకోవచ్చని ప్రకటనలో ఉన్న మాటే నా మనసులోనూ ఉంది. అది సగం నిజం. కట్ట మీద వేళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, తడి వేలికి ఈ టచ్ తెరలు పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తాయి. తొమ్మిది దాటితే ఆ మెరిసే గాజులో నా మొహం తప్ప అంకెలు కనపడవు. ఇది లైనక్స్ తప్పూ కాదు, విండోస్ తప్పూ కాదు. కానీ హైబ్రిడ్ కొనబోయేవాళ్ళు, నిజంగా కీబోర్డు ఊడదీసి ఎన్నిసార్లు వాడతామో ముందు ఆలోచించుకోవాలి. నేను చూసిన ఇళ్ళలో చాలా హైబ్రిడ్‌లు కీబోర్డు అతుక్కునే బతుకుతున్నాయి.

ఇక అసలు కథకి వస్తాను. 2014, 2015, 2016 ప్రాంతంలో పదిహేను వేలకు అటూ ఇటూగా చిన్న చిన్న హైబ్రిడ్‌లు మన మార్కెట్ నిండా వచ్చాయి. మైక్రోమ్యాక్స్ వాళ్ళ ల్యాప్‌ట్యాబ్, ఐబాల్ స్లైడ్ వగైరా. మన జిల్లాలో ఇప్పటికీ బీరువాల్లో ఇవి బోలెడు ఉన్నాయి. పేరు ఏదైనా లోపల సరుకు దాదాపు ఒకటే: ఇంటెల్ ఆటం జడ్3735ఎఫ్ లాంటి ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ స్టోరేజి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకునే దారి లేదు. 32 జీబీలో విండోస్ 10 పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు చాలక తన్నుకునేది. చివరికి జనం విసిగిపోయి పక్కన పడేశారు. ఇప్పుడు వాటినే పట్టుకొచ్చి లైనక్స్ వెయ్యమంటున్నారు.

వీటికి లైనక్స్ ఎక్కించడం ఎందుకు కష్టమో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హార్డ్‌వేర్ అంటే ఏంటో దీంట్లోనే బాగా తెలుస్తుంది.

మొదటి అడ్డంకి బూట్ దగ్గరే. వీటిలో ప్రాసెసరు 64 బిట్‌ది, కానీ దాన్ని లేపే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ 32 బిట్‌ది. మామూలు 64 బిట్ లైనక్స్ పెన్‌డ్రైవ్ పెడితే అసలు కనపడనే కనపడదు. జనం పెన్‌డ్రైవ్ పాడయిందనుకుని మళ్ళీ మళ్ళీ రాసుకుంటూ ఉంటారు. డెబియన్ అనే డిస్ట్రో వాళ్ళు 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచే ఈ కలగాపులగం బాపతు మెషీన్లకి ఇన్‌స్టాలర్‌లో దారి పెట్టారు. ఫెడోరా 2017లో 27వ వెర్షన్‌తో పెట్టింది. వీటిలో లైనక్స్ పెన్‌డ్రైవ్ కనపడలేదని ఎవరన్నా వస్తే ముందు డెబియన్ ప్రయత్నించమంటాను. ఇక్కడ ఒక్కచోట డిస్ట్రో పేరుకి విలువ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ విలువ ఏంటో తెలియాలన్నా ముందు మెషీన్ లోపల ఏముందో తెలియాలి కదా.

బూట్ అయ్యాక వైఫై. ఈ రకంలో చాలావాటికి ఉన్నది రియల్‌టెక్ 8723బీఎస్ అనే చిప్. మామూలు లాప్‌టాప్‌లో వైఫై కార్డు పీసీఐ మీద కూర్చుంటుంది. ఇది మెమరీ కార్డు పెట్టుకునే ఎస్‌డీ దారిలో కూర్చుంటుంది. దీని డ్రైవరు కెర్నెల్‌లోకి వచ్చింది 2017లో, 4.12 వెర్షన్‌తో. అంతకుముందు అయితే ఎవరో రాసిన కోడు తెచ్చుకుని మనమే కంపైల్ చేసుకోవాలి, దాన్ని తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే వైఫై కావాలి! ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో తగిలించి దాని ఇంటర్నెట్ వాడుకునే టెథరింగ్ పెట్టుకోవడం అప్పట్లో అందరూ నేర్చుకున్నారు. ఆ చిట్కా ఈరోజుకీ పనికొస్తుంది.

తర్వాత టచ్. చవక ట్యాబ్‌లలో సైలీడ్ అనే కంపెనీ టచ్ చిప్ చాలాచోట్ల వాడారు. దానికి సొంతంగా ఫర్మ్‌వేర్ నిలవ చేసుకునే స్థోమత లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరే దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఆ ఫర్మ్‌వేర్ కూడా మోడల్ మోడల్‌కీ వేరు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వేస్తే ఎడమ మూల తాకితే కుడి మూల కదులుతుంది. ఆండ్రాయిడ్ నుంచో విండోస్ డ్రైవరు నుంచో ఆ ఫైళ్ళను బయటికి తీసి, ఏ మోడల్‌కి ఏది సరిపోతుందో రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు. కెర్నెల్‌లో అచ్చంగా ఇందుకోసమే ఒక ఫైలు ఉంది. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ అయితే తెర వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, ఫర్మ్‌వేర్ ఫైలు ఇది అని అందులో వరసగా పట్టిక రాసి ఉంటుంది. ఆటం ట్యాబ్‌ల సౌండు, టచ్, బ్యాటరీ గురించి ఏళ్ళ తరబడి ఓపిగ్గా పనిచేసినవాళ్ళలో పెద్ద పేరు హాన్స్ డి గూడ్. అప్పట్లో రెడ్ హ్యాట్‌లో ఉండేవారు. ఎవరో పారేసిన చవక ట్యాబ్ మళ్ళీ మేలుకుంటోందంటే అందులో ఆయన కష్టం చాలా ఉంది. మన ఊళ్ళో ఆ ట్యాబ్ అమ్మిన కంపెనీలు మాత్రం ఒక్క అప్‌డేట్ ఫైలు ఇచ్చిన పాపాన పోలేదు.

తెర తిప్పుడు ఇంకో తమాషా. ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే తెర తలకిందులవుతుంది, అడ్డంగా పడితే నిలువవుతుంది. కారణం చాలా చిన్నది. ట్యాబ్ ఎటు వాలిందో కనిపెట్టే ఆక్సిలరోమీటర్ చిప్‌ని ఫ్యాక్టరీలో బోర్డు మీద ఏ వాలులో అతికించారో ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియదు. లైనక్స్‌లో సిస్టమ్‌డీ అనే భాగంలో హార్డ్‌వేర్ డేటాబేస్ అని ఒకటుంది, అందులో ఆ మోడల్ పేరుతో ఒక లైను, మూడు మూళ్ళ తొమ్మిది అంకెల మాత్రిక రాస్తే సరిపోతుంది. ఇంటర్మీడియట్ లెక్కల్లో చదువుకున్న మాత్రికలకి నా జీవితంలో కనపడిన ఏకైక ప్రయోజనం ఇదే. ఆ లైను మనమే రాసి పంపితే తర్వాతి వెర్షన్‌లో ఆ మోడల్ ఉన్న అందరికీ సరిపోతుంది.

ఇవన్నీ దాటాక కూడా కొన్ని మెషీన్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. ఆటం ప్రాసెసర్లు పవర్ ఆదా చేసే లోతైన నిద్రలోకి పోయి తిరిగి లేవకపోవడం దాని మూలం. ఆ నిద్ర లోతును తగ్గిస్తూ బూట్ సమయంలో ఒక షరతు పెడితే బిగుసుకోవడం ఆగేది, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోయేది. తర్వాతి కెర్నెళ్ళలో ఇది చాలావరకు సర్దుకుంది. కెమెరాల సంగతి మాత్రం అడగొద్దు.

ఇంత కష్టపడి అన్నీ కుదిర్చాక ఏం దొరుకుతుంది? ఇక్కడే నాకూ మన లైనక్స్ అభిమానులకూ పేచీ. "పాత మెషీన్‌కి లైనక్స్ ప్రాణం పోస్తుంది" అని వాళ్ళంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్రాణం వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఈరోజుల్లో ర్యామ్ తినేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, బ్రౌజరు. 2 జీబీ ర్యామ్‌లో బ్రౌజరు తెరిచి జీమెయిల్, ఒక బ్యాంకు సైటు, ఒక యూట్యూబ్ పెడితే ఏ డెస్క్‌టాప్ (తెర మీద మెనూలూ కిటికీలూ చూపించే భాగం) అయినా ఆయాసపడుతుంది. జడ్‌ర్యామ్ అని ర్యామ్‌లోనే ర్యామ్‌ని కుదించి వాడుకునే పద్ధతి ఉంది, ఫెడోరా 2020 నుంచి దాన్ని ముందుగానే పెట్టి ఇస్తోంది. 4 జీబీ మెషీన్‌కి దానివల్ల మంచి మేలు. 2 జీబీకి కాస్త ఊరట, అంతకుమించి ఏం లేదు.

దానికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. టచ్‌తో బాగా నడిచే డెస్క్‌టాప్ గ్నోమ్. వేలితో తాకితే తెర మీద కీబోర్డు తనే పైకొస్తుంది, తిప్పితే తెర తిరుగుతుంది, మూడు వేళ్ళతో పక్కకి తోస్తే ఇంకో వర్క్‌స్పేస్ వస్తుంది. కేడీఈ ప్లాస్మా కూడా పర్వాలేదు. కానీ గ్నోమ్ కాస్త బరువు, 2 జీబీ ఆటం మీద అది ఈడుస్తుంది. పోనీ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ వేద్దామంటే మౌస్ కోసం పుట్టిన డెస్క్‌టాప్ అది. కిటికీ మూసే గుర్తు మీద వేలు పెట్టాలంటే గురి చూసి కొట్టాలి, తెర మీద కీబోర్డు వేరేగా పెట్టుకోవాలి, తెర తిప్పడానికి స్క్రిప్టు రాసుకోవాలి. చవక హైబ్రిడ్‌కి ట్యాబ్‌గా ఉండాలంటే బరువైన డెస్క్‌టాప్ కావాలి, బతకాలంటే తేలిక డెస్క్‌టాప్ కావాలి. ఈ రెండూ ఒకచోట దొరకవు. ఏ డిస్ట్రో పేరు చెప్పినా ఈ ముడి విడదు, ఎందుకంటే ముడి ఉన్నది ఆ 2 జీబీలో.

అందుకని ఈ ఆటం హైబ్రిడ్‌లు తెచ్చినవాళ్ళకి నేను నిక్కచ్చిగా చెబుతున్నాను. ఒకే ఒక్క పనికి పెట్టుకోండి. ఒక రైతు దగ్గర ఇలాంటిదే గుంట పక్క షెడ్డులో గోడకి తగిలించి ఉంది. అందులో డెబియన్, ఎక్స్ఎఫ్‌సీఈ, లిబ్రెఆఫీస్ షీటు, అంతే. మేత రాసుకుంటాడు, జీతగాళ్ళ లెక్క రాసుకుంటాడు. ఫోన్ చార్జరుతోనే చార్జ్ అవుతుంది కాబట్టి కరెంటు పోయినా పవర్ బ్యాంకుతో నడుస్తుంది. దానికి బ్రౌజర్ అవసరమే లేదు. ఆయనకి ఏ ఫిర్యాదూ లేదు.

కొంచెం ఖరీదైన హైబ్రిడ్‌ల సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌ల కోసమే లైనక్స్ సర్ఫేస్ అని ఒక ప్రాజెక్టు ఉంది. మామూలు కెర్నెల్‌లో లేని ముక్కలు కలిపిన కెర్నెల్ వాళ్ళు తయారుచేసి ఇస్తారు. 2018లో వచ్చిన సర్ఫేస్ గో పది అంగుళాలది, కవరు లేకుండా అర కిలోకి కాస్త ఎక్కువ. టచ్ మామూలు కెర్నెల్‌తోనే నడుస్తుంది. పెద్ద సర్ఫేస్ ప్రోలకి టచ్ కావాలంటే ఆ ప్రత్యేక కెర్నెల్ కావాలి. కెమెరాలు వీటికీ పెద్ద తలనొప్పే. అయితే ఇక్కడ ఇంకో లెక్క ఉంది. ఈ బాపతు మెషీన్లలో అన్నీ జిగురుతో అతికించి ఉంటాయి. పాతది కొంటే బ్యాటరీ ఉబ్బిందేమో ముందు చూడాలి. తెర అంచు కాస్త లేచినట్టున్నా వదిలెయ్యండి, నెల్లూరు ఎండకి అది ఇంకా లేస్తుంది.

ఎండ అన్నాను కాబట్టి ఇది కూడా. ఈ సన్నటి మెషీన్లలో చాలావాటికి ఫ్యాను ఉండదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట షెడ్డులో ఉంటే లోహపు వెన్ను చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ప్రాసెసరు తనని తాను కాపాడుకోవడానికి వేగం సగానికి దించేసుకుంటుంది. జనం లైనక్స్ స్లో అయిందంటారు. సాయంత్రం అదే మెషీన్ మామూలుగా నడుస్తుంది.

హైబ్రిడే కావాలని పట్టుపట్టేవాళ్ళకి నేను చూపించేది 360 డిగ్రీలు వెనక్కి మడిచే రకం. కీబోర్డు ఊడదు, వెనక్కి తిరుగుతుంది. 2018 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్380 యోగా లాంటివి. లోపల మామూలు లాప్‌టాప్ సరుకే: ఇంటెల్ కోర్ ప్రాసెసరు, ఇంటెల్ వైఫై, 8 జీబీ లేదా 16 జీబీ. టచ్‌కీ, ఒంట్లోనే దాచుకునే పెన్నుకీ డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉన్నాయి. వెనక్కి మడవగానే కీబోర్డు తనే ఆగిపోతుంది, నొక్కుకుపోయి చెత్త టైపవదు. ఇలాంటిదాని మీద గ్నోమ్ వేస్తే, ఇన్ని రోజులూ ఆటం మీద నేను పడ్డ యాతనంతా ఎవరిదో అన్నట్టు ఉంటుంది. బరువు ఒకటిన్నర కిలోకి లోపే.

కానీ నా ఓటు దానికీ కాదు. కంపెనీలు వాడి వదిలేసిన చిన్న లాప్‌టాప్‌కి. థింక్‌ప్యాడ్ ఎక్స్270, డెల్ లాటిట్యూడ్ 7280 లాంటివి, 12.5 అంగుళాలవి, కిలో మూడు వందల గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. వీటిలో ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ గీసిన గీత ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం దగ్గర మొదలవుతుంది. గీతకి ఒకటి రెండు మెట్లు కింద ఉన్నందుకు ఇవి అధికారికంగా పనికిరానివి. మెషీన్‌లో లోపమేమీ లేదు. ర్యామ్ మార్చుకోవచ్చు, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు. ఎక్స్270కి బ్యాటరీ వెనక నుంచి ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు, లోపల ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఆ మార్చే నిమిషంలో మెషీన్ ఆగదు. టైప్-సీతో చార్జ్ అవుతుంది. గుంట దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల జనరేటరు వోల్టేజీ ఎగిరిపడే చోట చార్జరు గోడకి పెట్టకుండా లాప్‌టాప్‌ని చార్జ్ చేయగల పీడీ పవర్ బ్యాంకుతో పని గడపడం ఎంత నిశ్చింతో, అక్కడ పనిచేసినవాళ్ళకే తెలుసు.

వీటిని ఎక్కడ కొనాలి? నెల్లూరులో దొరుకుతాయి, ఒంగోలులోనూ. కానీ మనవాళ్ళకి కంప్యూటర్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్ అలవాటు, పొద్దున రైలెక్కితే మూడు గంటల్లో అక్కడుంటాం. ఎక్కడ కొన్నా డబ్బు చేతిలో పెట్టేముందు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలి. హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం నడుస్తుంది కాబట్టి మెషీన్‌కి ఏమీ కాదు. ఈ విషయం షాపువాళ్ళకి చెప్పి ఒప్పించడమే పెద్ద పని. నెల్లూరులో ఒక షాపతను "వైరస్ ఎక్కుద్ది సార్, మా వారంటీ పోద్ది" అని పెన్‌డ్రైవ్ చూడగానే లాప్‌టాప్ మూసేశాడు. అతను ఆ లాప్‌టాప్‌లో వేసి అమ్ముతున్నది క్రాక్ చేసిన విండోస్. అలాంటి చోట కొనకుండా లేచి రావడమే. చెన్నైలో ఇంకొకతను అయితే తనే కుర్చీ లాగి "ఏం చూస్తారో చూసుకోండి" అన్నాడు, చూస్తూ చూస్తూ తనకీ ఒక పెన్‌డ్రైవ్ చేసివ్వమన్నాడు.

చూడాల్సింది పెద్దగా ఏం లేదు. వైఫై ఫోన్ హాట్‌స్పాట్‌కి కలవాలి. ఒక పాట పెట్టి స్పీకరు, ఒక మాట రికార్డు చేసి మైకు. కెమెరా. తెర వెలుతురు తగ్గించే మీటలు. సెట్టింగుల్లో పవర్ దగ్గరికో టెర్మినల్‌కో పోతే బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్నది కనపడుతుంది. సగానికి పడిపోయి ఉంటే ధర అంత తగ్గించమని అడగొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మూత మూసి కాసేపు టీ తాగి వచ్చి మళ్ళీ తెరవడం. వైఫై తిరిగి రావాలి, సౌండు తిరిగి రావాలి, వెన్ను చల్లగా ఉండాలి.

నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం మిగతా వాటికంటే ఇదే ముఖ్యం. పాత లాప్‌టాప్‌లలో ఎస్3 అనే నిద్ర ఉండేది. ర్యామ్‌కి తప్ప మిగతా అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది, రాత్రంతా మూసి పెట్టినా బ్యాటరీ కొంచెమే దిగుతుంది. తర్వాత ఫోన్‌లా వెంటనే మేలుకోవాలని కొత్త రకం నిద్ర తెచ్చారు. ఇందులో మెషీన్ పూర్తిగా పడుకోదు, అన్ని భాగాలూ తమంతట తాము నిశ్శబ్దంగా ఉండాలి. ఒక్క డ్రైవరు మాట వినకపోయినా బ్యాగులో లాప్‌టాప్ వేడెక్కి, మర్నాడు తెల్లారి గుంట దగ్గర తెరిచేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. ఈమధ్య వచ్చే తేలిక లాప్‌టాప్‌లలో చాలావాటికి పాత ఎస్3 తీసేశారు. విండోస్‌లోనూ ఈ గొడవ ఉంది. ఎక్స్270 వయసు మెషీన్లలో ఎస్3 ఉంది. పాతవాటి మీద నా పక్షపాతానికి ఇదొక్క కారణం చాలు.

మరి అందరికీ ఇదే చెబుతానా అంటే చెప్పను. డీటీపీ చేసే ఒక మిత్రుడికి ఒద్దనే చెప్పాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు అన్నీ అనూ ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే విండోస్ ప్రోగ్రాంలో. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో, అయినా మన ప్రెస్సులు దాన్ని వదల్లేదు. అతని దగ్గర ఏళ్ళ నాటి ఫైళ్ళు ఆ రూపంలోనే ఉన్నాయి, అవి అన్నిచోట్లా చదవగలిగే యూనికోడ్ కాదు. అతనికి లైనక్స్ వేసిస్తే రేపొద్దున ముహూర్తం కార్డు ఆగిపోతుంది. ట్యాలీ మీద బతికే అకౌంటెంటుకీ అంతే, అది విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం. వేలిముద్ర పరికరాలు, ఆన్‌లైన్ పరీక్షల్లో మనల్ని గమనించే సాఫ్ట్‌వేర్లు, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు ఇవన్నీ ముందు ఆరా తీయాల్సినవే. ఇలాంటివాళ్ళకి విండోస్ 10 మీద అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ పెట్టింది. ఆలోపు డబ్బు కూడబెట్టుకుని కొత్తది కొనుక్కోమంటాను.

మామూలుగా తెలుగు రాసుకునేవాళ్ళకి మాత్రం భయం అక్కర్లేదు. అందరూ ముందు అడిగేది తెలుగు గురించే. ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో వత్తులు, గుణింతాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, అది తెలుగుని శుభ్రంగా కూరుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్నవాళ్ళకి అదే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళకి ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది, లేఖిని వాడినవాళ్ళకి అది వెంటనే చేతికొస్తుంది. డెబియన్‌లో తెలుగు విజయం అనే ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే మండలి, సూరన్న, తిమ్మన లాంటి ఫాంట్లన్నీ ఒక్కసారే వస్తాయి. అందులో పొట్టి శ్రీరాములు పేరుతోనూ ఒకటుంది. మన జిల్లాకి ఎవరి పేరు పెట్టారో ఆయన పేరే ఉన్న ఫాంటుతో మన జిల్లా రైతుకి మేత లెక్క ప్రింట్ తీసివ్వడం నాకదో సరదా. కీబోర్డు లేకుండా తెర మీద తెలుగు కొట్టడం మాత్రం నావల్ల కాదు. హైబ్రిడ్ మీద నా మోజు తగ్గడానికి అదీ ఒక కారణం.

"చెడితే ఎవరు బాగుచేస్తారన్నా?" అన్నది ఇంకో ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. మన ఊళ్ళో సర్వీసు షాపుకి లైనక్స్ లాప్‌టాప్ ఇస్తే ముందు వాళ్ళు చేసే పని దాన్ని తుడిచేసి క్రాక్ విండోస్ వెయ్యడం. అందుకే మెషీన్ ఎంపిక దగ్గర ఇంత రాద్ధాంతం చేస్తాను. ఇంటెల్ వైఫై, ఇంటెల్ గ్రాఫిక్స్, ఎస్3 నిద్ర ఉన్న లాప్‌టాప్‌లో లైనక్స్ ఒకసారి కుదిరిందంటే మళ్ళీ దాన్ని ముట్టుకునే పని చాలా అరుదు. చెడేదల్లా హార్డ్‌వేరే, దానికి ఏ మెకానిక్ అయినా చాలు. ఆటం ట్యాబ్‌లో అయితే ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ గుండె పట్టుకుని కూర్చోవాలి, సౌండు ఉంటుందో పోతుందో అని.

చివరిగా ట్యాబ్‌లు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకి ఇచ్చిన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు పట్టుకుని కొందరు తల్లిదండ్రులు వస్తున్నారు, వీటిలో కూడా లైనక్స్ వెయ్యరాదా అని. పీసీలో ఏ లోపలి భాగం ఎక్కడుందో ఫర్మ్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెబుతుంది కాబట్టి ఒకే పెన్‌డ్రైవ్ అన్నిటికీ పనిచేస్తుంది. ఆర్మ్ రకం ప్రాసెసర్లు ఉండే ఈ ట్యాబ్‌లలో అలా చెప్పేవాళ్ళు లేరు. ఏ భాగం ఎక్కడుందో చెప్పే డివైస్ ట్రీ అనే పట్టికని ప్రతి మోడల్‌కీ ఎవరో ఒకరు చేత్తో రాయాలి, దానికి ముందు ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్‌కి ఉన్న తాళం తీయాలి. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అని 2017లో మొదలైన ప్రాజెక్టు ఇలాంటి ఫోన్లు, ట్యాబ్‌ల కోసమే పనిచేస్తోంది. వాళ్ళ జాబితాలో చాలా మోడళ్ళు సగం సగమే నడుస్తాయి. 2024లో వచ్చిన, ఆర్మ్ రకానికే చెందిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ లాప్‌టాప్‌లు చాలా తేలికగా, బ్యాటరీ బాగా ఉన్నాయని మురిసిపోయేవాళ్ళకీ ఇదే జవాబు. వాటి మీద లైనక్స్ ఒక్కో మోడల్‌గా కుదురుతోంది, ఇప్పుడే తొందరపడొద్దు.

నేను ప్రస్తుతం వాడుతున్న ఎక్స్270 బయటి బ్యాటరీ ముసలిదైపోయింది, స్పేస్ బార్ ఒక పక్క నొక్కుకుపోయింది. దీనికి జోడీగా, వేసవిలోపు ఒక ఎక్స్380 యోగా కొందామని ఉంది, గుంట కట్ట మీదికి కాదు, రైతులకి గ్రాఫులు గీసి చూపించడానికి. కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరి దగ్గరన్నా 8 జీబీది, పెన్ను పోగొట్టుకోనిది ఉంటే చెప్పండి. పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తాను, టీ మీరే పోయించాలి.